టాటా చుట్టూ, ఇద్దరం

టాటాలో, అంటే జంషెడ్‌పూర్‌లో, ఉండే తెలుగువాళ్లకి సెలవులంటే ఒకటే దారి, ఊరు. తాతలు కంపెనీలో పనికొచ్చి మూడు తరాలైనా సరే, పండగొస్తే శ్రీకాకుళం, విజయనగరం వైపు రైలెక్కాల్సిందే. బిష్టుపూర్ రామమందిరంలో ఎవరినైనా సరైకేలా చూశారా అని అడగండి. "అక్కడేముందండీ?" అంటారు. అది ఇక్కడికి నలభై కిలోమీటర్లు, చిల్లర.

నేను రిటైరయ్యాక మా ఆవిడా నేనూ కారులో చుట్టుపక్కల తిరగడం అలవాటు చేసుకున్నాం. ఒక రోజుకి ఒక దిక్కు. చీకటి పడేలోపు కద్మాలో మా ఇల్లు చేరాలి. దల్మా కొండల పక్క దార్లలో రాత్రిపూట ఏనుగు ఎదురైతే హారన్ కొట్టి లాభం లేదు. స్టీరింగు నాది, "ఆపండి" అనే అధికారం ఆవిడది. ఈ చివరిదే అసలు విద్య. బండి నడిపేవాడికి ముందున్న లారీ తప్ప ఏమీ కనపడదు. ఫాల్గుణంలో ఎర్రగా పూసిన మోదుగలు, తెల్లవారుజామున చెట్టుకింద ఇప్పపూలు ఏరే ఆడవాళ్లు, ఇవన్నీ పక్క సీటు వాళ్ల కళ్లకే పడతాయి. ఆపమన్నప్పుడు ఎందుకని అడక్కుండా ఆపేవాడే షికారుకి పనికొస్తాడు.

ఆగ్నేయంగా పోతే ఘాట్‌శిల. అక్కడి ఆటోవాళ్లు బురుడీ చెరువు, ధారాగిరి జలపాతం, ఫూల్‌డుంగ్రి గుట్ట, రంకిణి గుడి, గౌరీకుంజ్ అన్నీ ఒకే పూటలో తిప్పేస్తామంటారు. తిప్పుతారు కూడా. ఇంటికొచ్చాక ఏది ఏదో గుర్తుండదు. రెండు చాలు. అందులో ఒకటి గౌరీకుంజ్ కావాలి. 'పథేర్ పాంచాలి' రాసిన విభూతిభూషణ్ బందోపాధ్యాయ ఇల్లది. 1950 నవంబరు 1న ఆయన పోయింది ఈ ఘాట్‌శిలలోనే. సూరంపూడి సీతారాం తెలుగు చేసిన ఆయన నవల 'వనవాసి' చదివినవాళ్లు ఆ అడవి ఇదేననుకుని వస్తారు. కాదు. ఆ నవలకి మూలం భాగల్‌పూర్ వైపు ఎస్టేటులో ఆయన చేసిన ఉద్యోగం. ఘాట్‌శిల ఆయన మనసుపడి వచ్చి ఉన్న చోటు.

ఇంటికి ఆయన పెట్టింది మొదటి భార్య గౌరి పేరు. పెళ్లయిన కొద్దికాలానికే ఆవిడ పోయింది. చాలా ఏళ్ల తర్వాత, 1940లో, ఆయన మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. నేను ఇదంతా గొప్ప ప్రేమకథలా చెప్పుకుపోతుంటే మా ఆవిడ అడ్డం వచ్చింది.

"అయితే రెండో ఆవిడ రోజూ ఆ పేరున్న ఇంట్లోనే వంట చేసిందన్నమాట. ఆవిడ గురించి ఒక్క ముక్కా చెప్పరేమండీ?"

నా దగ్గర జవాబు లేదు. సాహిత్యం గురించి నాకొచ్చిన ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది లేదు.

పడమటి దారి సరైకేలా. ఖర్కాయి ఒడ్డున పాత సంస్థానం. ఇక్కడి ఛౌ నాట్యంలో ముఖానికి మాస్కు పెట్టుకుంటారు. మయూర్‌భంజ్ ఛౌకి మాస్కు ఉండదు, పురూలియావాళ్లది పెద్ద కిరీటాలతో హడావిడి. సరైకేలా మాస్కు నున్నగా, శాంతంగా ఉంటుంది. కళ్లతో, పెదవులతో నటించే వీలు లేదు కాబట్టి దుఃఖమైనా శృంగారమైనా మెడ వంపులోంచి, పాదాల్లోంచి రావాలి. రాజకుటుంబం వాళ్లు పోషించడమే కాదు, తామే ఆడేవాళ్లు. 2010లో ఛౌ యునెస్కో జాబితాకెక్కింది. మన పిల్లలకి కూచిపూడి నేర్పిస్తాం, మంచిదే. పక్కూరి విద్యని ఒక్కసారైనా చూపించం.

సరైకేలా దాటి ఖర్సావా వెళితే షికారు మాట మరిచిపోతాం. 1948 జనవరి 1న ఈ రెండు సంస్థానాల్నీ ఒరిస్సాలో కలిపారు. వద్దని సంత మైదానంలో చేరిన ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఎంతమంది పోయారన్న లెక్క ఈనాటికీ తేలలేదు. ఆ మే నెలలోనే రెండింటినీ బీహారుకి మార్చేశారు. ఏటా జనవరి 1న అమరుల స్తూపం దగ్గర జనం నూనె, పూలు పెట్టి దండం పెట్టుకుంటారు. అదే రోజు మన ఊరు ఊరంతా గిన్నెలు, మసాలాలు కట్టుకుని డిమ్నా చెరువుకి పిక్నిక్ పోతుంది. పోవద్దనడం లేదు. ఏ రోజున పోతున్నామో తెలిసి పోవాలి.

ఖర్సావా పక్కనే కుచాయి, టసర్ పట్టుకి పేరున్న చోటు. ఆ సంగతి మా ఆవిడకి తెలుసు కనక ఆ దారిలో నా జేబు గురించి రాయను.

ఏప్రిల్ రెండో వారంలో సరైకేలాలో చైత్ర పర్వం. ఛౌ ఆడేది రాత్రిపూట, కాబట్టి చీకటికి ఇల్లు చేరాలన్న నియమం ఆ ఒక్కసారికి పక్కన పెట్టి బస సంగతి ముందే చూసుకోండి. ఊరికి రైలు టికెట్ ఈసారి ఒక వారం వెనక్కి జరపండి.