పొగకు తూకం

కువైట్ నగరం గాలిని పట్టిన ఫిల్టర్ మీద ముందుగా కనిపించేది ఇసుకే. హార్వర్డ్, కువైట్ పరిశోధకులు 2004, 2005 సంవత్సరాల్లో అక్కడ పీఎం2.5 నమూనాలు సేకరించారు. ఆ సన్నటి రేణువులు ఎక్కడివో 2013లో ప్రచురించిన లెక్కలో తేల్చారు. సగానికి పైగా ఎడారి ధూళే. తక్కినదాంట్లో చమురు మండించే విద్యుత్ కేంద్రాలకు, పెట్రోకెమికల్ కర్మాగారాలకు, వాహనాలకు వాటా ఉంది. కట్టెల పొగకు మాత్రం ఆ పట్టికలో విడిగా చోటు లేదు.

వంట గ్యాసు మీద నడిచే నగరంలో అది సహజమే. అయినా నిప్పు అక్కడి ఇళ్లను వదిలిపోలేదు. బొగ్గు కణికల మీద బఖూర్ వేసి, ధూపపాత్రను అతిథుల మధ్య తిప్పుతారు. చలికాలం ఎడారిలో గుడారాలు వేసుకుని, కట్టెలో బొగ్గులో రాజేసి చుట్టూ కూర్చుంటారు. ఆ నిప్పు సిద్ధం చేసే పని చాలాచోట్ల పనిమనుషులదే. వాళ్లలో రాజంపేట, రాయచోటి నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఖాదిమ్ (ఇంటిపని) వీసా మీద వెళ్లిన మన ఆడవాళ్లు వేల మంది. ఊళ్లో ఊదుగొట్టం పట్టిన చేతులే అవి.

మేడ మీద పెట్టిన యంత్రం నగరం గాలిని చెబుతుంది. నిప్పు ముందు వంగిన మనిషి ఏం పీలుస్తోందో దానికి తెలియదు. అది తెలియాలంటే కొలతను ఆమె ముక్కు దగ్గరికే తీసుకెళ్లాలి.

ఆ పనికి దారి వేసిన పరిశోధకుల్లో కిర్క్ స్మిత్ ఒకరు. 1981లో, ఇంకా ముప్ఫైల్లో ఉండగానే, భారతీయ సహచరులతో కలిసి గుజరాత్‌లోని నాలుగు పల్లెల్లో వంట చేసే స్త్రీలకు నమూనా పరికరాలు తొడిగారు. వంట జరుగుతున్నంతసేపూ వాళ్లు పీల్చే గాలిలో ఘనమీటరుకు సగటున దాదాపు 7 మిల్లీగ్రాముల రేణువులు తేలాయి.

పద్ధతి చూడటానికి సాదాగా ఉంటుంది. నడుముకు చిన్న పంపు కడతారు. దాని గొట్టం భుజం మీదుగా వచ్చి మెడ దగ్గర ఆగుతుంది. అక్కడ సైక్లోన్ అనే బుల్లి పరికరంలో గాలి గిరగిరా తిరిగి, చేటలో చెరిగినట్టు మోటు రేణువులు కింద పడిపోతాయి, ఊపిరితిత్తుల లోతుకు వెళ్లగలిగే సన్ననివి ఫిల్టర్‌కు అంటుకుంటాయి. నిమిషానికి లీటరున్నర చొప్పున రెండు గంటలు లాగితే 180 లీటర్ల గాలి. ఘనమీటరుకు 600 మైక్రోగ్రాముల పొగ ఉంటే ఫిల్టర్ మీద మిగిలేది 108 మైక్రోగ్రాములు, అంటే గ్రాములో సుమారు పదివేలో వంతు. చేతి చెమట తగిలినా లెక్క తప్పుతుంది. అందుకే పట్టకారుతో పట్టుకుంటారు. వేడి, తేమ మారని గదిలో ఉంచి, వాడకముందు ఒకసారి, వాడాక ఒకసారి తూస్తారు. గాలి లాగని ఖాళీ ఫిల్టర్లను కూడా ఊరికి తీసుకెళ్లి తెచ్చి తూస్తారు. దారిలో అంటిన దుమ్ము ఎంతో అవి చెబుతాయి.

మన పల్లెల్లో ఈ పనిని పెద్దఎత్తున చేసింది చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాలకు చెందిన కల్పనా బాలకృష్ణన్ బృందం. నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో నాలుగు వందలకు పైగా ఇళ్లలో కొలిచి, 2004లో ఫలితాలు ప్రచురించారు. ఇరవైనాలుగు గంటల సగటు గ్యాసు ఇళ్లలో ఘనమీటరుకు 73 మైక్రోగ్రాములైతే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 దాకా వెళ్లింది. ఎవరు ఎంతసేపు ఎక్కడున్నారో కూడా అడిగి రాసుకున్నారు. ఆ ఓపికే అసలు సంగతి కళ్లకు కట్టించింది. ఆడవాళ్లలో పదిహేను నుంచి నలభై ఏళ్లవాళ్లు అందరికన్నా ఎక్కువ పీలుస్తున్నట్టు తేలింది. మగవాళ్లలో ఎక్కువ పీల్చింది 65 దాటిన ముసలివాళ్లు, పగలంతా ఇంటిపట్టునే ఉండేవాళ్లు. యంత్రం ఒక్కటే ఉంటే ఈ తాతల సంగతి బయటపడేదే కాదు.

ఇదే పద్ధతిని కువైట్‌లో వాడాలంటే ఇసుక అడ్డొస్తుంది. ధూళి రేణువుల్లో మోటువే ఎక్కువ, వాటిలో సిలికాన్, అల్యూమినియం, కాల్షియం ఉంటాయి. కట్టెల పొగ రేణువులు సన్నవి. నల్లటి కర్బనం, పొటాషియం వాటి గుర్తులు. కట్టెలోని సెల్యులోజ్ కాలితే పుట్టే లెవోగ్లూకోసాన్ ఇంకా గట్టి సాక్ష్యం, చమురు పొగలో అది ఉండదు. కాంతిని చెదరగొట్టే తీరును బట్టి అప్పటికప్పుడు అంకె చూపే మీటర్లు చవక, సులువు. కానీ ధూళినీ పొగనూ అవి ఒకే తీరున చదవలేవు. పక్కన తూచిన ఫిల్టర్ లేకుండా ఆ అంకెను నమ్మకూడదు.

బఖూర్ సంగతి కొంత తెలిసిందే. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు యూఏఈ ధూపాన్ని ప్రయోగశాల గదిలో వెలిగించి, రేణువులతో పాటు కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్ వెలువడటం కొలిచారు. ఆ పొగ తగిలిన ఊపిరితిత్తి కణాల్లో వాపు లక్షణాలు కనిపించాయని 2013లో ప్రచురించారు. బొగ్గు మరీ మోసకారి. కణకణలాడే నిప్పులో పొగ కనిపించదు, మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. మూసిన గుడారంలో అది ప్రాణం తీస్తుంది.

అందుకే ఈ రంగంలోకి వచ్చే యువ శాస్త్రజ్ఞులు కువైట్ ఇంట్లో పంపు కట్టాల్సింది సోఫాలో కూర్చున్న అతిథికి కాదు, వెనక గదిలో బొగ్గు రాజేసే ఆమెకు. ఫిల్టర్ పక్కనే మోనాక్సైడ్ మీటరు ఉండాలి. నిప్పు ఎన్ని గంటలకు వెలిగింది, కిటికీ తీశారా, ఏసీ కోసం తలుపులన్నీ మూశారా, ఆమె ఎంతసేపు అక్కడే ఉంది అనే ప్రశ్నలు తెలుగులోనే అడిగి, తెలుగులోనే రాసుకోవాలి.