బండి ఊరి బయట, మనం ఊళ్లో

ట్రక్కు వెనక ఇల్లులాంటి ట్రైలర్ తగిలించుకొని వాషింగ్టన్ వెళ్లొచ్చామనో, న్యూయార్క్ చూసొచ్చామనో చెప్పగానే ఇక్కడ అమెరికాలోని మనవాళ్లు ముందు అడిగేది ఒకటే: ‘మరి దాన్ని ఎక్కడ పెట్టారండీ?’ కొండలకో, సరస్సుల ఒడ్డుకో వెళ్లినప్పుడు ఈ మాట ఎవరూ అడగరు. అడగవలసిన ప్రశ్నే. ట్రైలర్ కొందామనుకునే మిత్రులకు ధర, మైలేజీ సంగతుల కన్నా ముందు నేను దీని గురించే చెబుతాను. నగరయాత్ర సుఖంగా సాగడమూ సాగకపోవడమూ ఈ ఒక్క నిర్ణయంలోనే ఉంది. నా జవాబు ఎప్పుడూ మారలేదు. ఊళ్లో పెట్టం. రైలు మొదలయ్యే చోట పెడతాం.

కొలతలు చూస్తే ఎందుకో తెలిసిపోతుంది. మాది 25 అడుగుల ట్రైలర్. దాన్ని లాగే పికప్ ట్రక్కును కలుపుకుంటే 45 అడుగులు దాటుతుంది. అమెరికాలో మామూలు పార్కింగ్ గడి 9 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. రెండు గడులు వరసగా ఖాళీ దొరికినా చాలవు. నెత్తిమీద ఏసీ పెట్టెతో ఎత్తు పది అడుగుల పైమాటే కాబట్టి అంతస్తుల పార్కింగుల్లో గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. మలుపు తిరిగేటప్పుడు ట్రైలర్ చక్రాలు ట్రక్కు నడిచిన దారిన రావు, లోపలి వైపుకు కోసుకుంటూ వస్తాయి. పాతకాలపు నగరాల మూలమలుపుల్లో ఆ లోపలి వైపున కరెంటు స్తంభమో, సైకిలువాడో ఉంటాడు. బోస్టన్‌లో నది పక్కన సాగే స్టారో డ్రైవ్ మీద పది అడుగుల ఎత్తు హద్దని బోర్డులు వేలాడుతుంటాయి. అయినా సెప్టెంబరు 1 వచ్చిందంటే, అద్దె ఇళ్లు మారే విద్యార్థుల సామాను ట్రక్కులు ఆ వంతెనల కింద ఇరుక్కుంటూనే ఉంటాయి.

అందుకే ఏ నగరానికి బయలుదేరినా నేను ముందు తెరిచేది రోడ్ల పటం కాదు, రైళ్ల పటం. ప్రతి గీత చివరికీ వెళ్లి, ఆ చివరి స్టేషన్ల చుట్టుపక్కల పచ్చగా ఏమైనా ఉందా అని చూస్తాను. చాలాసార్లు ఉంటుంది. షికాగోకైతే పక్క రాష్ట్రం ఇండియానాలో, మిషిగన్ సరస్సు ఇసుక దిబ్బల దగ్గర డ్యూన్‌వుడ్ అనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది. అది ఇండియానా డ్యూన్స్ నేషనల్ పార్కులో భాగం. అక్కడినుంచి నడిచి వెళ్లగల దూరంలో బెవర్లీ షోర్స్ స్టేషన్. 1929 నాటి గులాబీరంగు గోడల చిన్న భవనం. సౌత్ షోర్ లైన్ రైలెక్కితే నేరుగా షికాగో నడిబొడ్డున, మిలీనియం స్టేషన్‌లో దిగుతాం. శాన్ ఫ్రాన్సిస్కోకు రైలు బదులు పడవ. ఉత్తరాన గ్రీన్‌బ్రేలో ట్రైలర్ దింపి, పక్కనే లార్క్‌స్పర్ రేవులో ఫెర్రీ ఎక్కితే అరగంటకు కాస్త అటూ ఇటూగా ఫెర్రీ బిల్డింగ్ ముందు ఉంటాం. ఆ ఊరి నిట్టనిలువు వీధులు ఎక్కిన వాళ్లెవరూ వాటి మీద ట్రైలర్ లాగాలనుకోరు.

నాకు మాత్రం వీటన్నిటిలోకీ ఇష్టమైనది న్యూయార్క్‌కు ఉత్తరాన ఉన్న క్రోటన్ పాయింట్. హడ్సన్ నదిలోకి చొచ్చుకుపోయిన నేల అది. వెస్ట్‌చెస్టర్ కౌంటీ వాళ్ల పార్కు. ట్రైలర్లకు చోటుంది, మూడు వైపులా నీళ్లున్నాయి. పార్కు మొదట్లోనే క్రోటన్-హార్మన్ స్టేషన్. అక్కడ హడ్సన్ లైన్ రైలెక్కి కుడిచేతి కిటికీ పక్కన కూర్చుంటే మన్‌హాటన్ చేరేదాకా దాదాపు నది ఒడ్డునే ప్రయాణం. అవతలి గట్టున పాలిసేడ్స్ రాతి గోడ గోధుమరంగులో నిలబడి మనతోపాటే వస్తుంది. సుమారు గంటలో గ్రాండ్ సెంట్రల్. ఆ పెద్ద హాలులోకి నడిచి వచ్చి ఆకుపచ్చ కప్పు మీద నక్షత్రాలను తలెత్తి చూడాలి. న్యూయార్క్‌లోకి అడుగుపెట్టవలసింది ఆ గుమ్మం గుండానే అని నా నమ్మకం.

కానీ క్రోటన్‌కు చేరే దారి జాగ్రత్తగా ఎంచుకోవాలి. న్యూయార్క్ చుట్టుపక్కల పార్క్‌వేలు అనే రోడ్లున్నాయి. టకానిక్, సా మిల్ రివర్ వంటివి. చూడ్డానికి చాలా అందంగా ఉంటాయి గాని ట్రైలర్లకు వాటి మీద ప్రవేశం లేదు. వాటి మీది రాతి కమాను వంతెనలు చాలావరకు తక్కువ ఎత్తువి. ఫోన్‌లో కారుకని చూపించే దారికి ఈ సంగతి తెలియదు. బయలుదేరే ముందు రోజు రాత్రి దారి మొత్తం రోడ్డు పేర్లతో సహా కాగితం మీద రాసుకుని, అందులో ‘పార్క్‌వే’ అనే మాట కనపడితే కొట్టేసి ఇంకో రోడ్డు వెతుక్కోవడం నా అలవాటు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాషింగ్టన్ తీసుకెళ్లాం. అమ్మకు షుగరు. వేళకు తిండి పడాలి, ఇన్సులిన్ చల్లగా ఉండాలి. హోటలు గది కన్నా సొంత వంటగది, సొంత స్నానాల గది ఉన్న ట్రైలరే ఆమెకు నయం. మేం దిగింది మేరీలాండ్‌లోని గ్రీన్‌బెల్ట్ పార్కులో. రాజధాని చుట్టూ తిరిగే బెల్ట్‌వేకు అతి దగ్గరలో ఇంత దట్టమైన అడవి ఉందంటే చూసేదాకా నమ్మలేం. నేషనల్ పార్క్ సర్వీసు వాళ్లే నడుపుతారు. అక్కడ సైటు దగ్గర కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఉండవు. మరి ఇన్సులిన్ ఫ్రిజ్ దేనిమీద నడవాలి? ప్రొపేన్ మీద. కాబట్టి సిలిండర్లు ఇంట్లో వదిలి రాలేం. ఆ సిలిండర్లే మా దారిని నిర్ణయించాయి.

ఉత్తరం నుంచి వాషింగ్టన్ వస్తుంటే మధ్యలో బాల్టిమోర్. ఓడరేవు కింద నుంచి వెళ్లే రెండు సొరంగాల్లోనూ 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండర్‌ను రానివ్వరు. ట్రైలర్ల ముందు ఉండేవి సాధారణంగా 20, 30 పౌండ్లవి. ఇదివరకు ట్రైలర్లవాళ్లు ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన మీదుగా దాటేవారు. 2024 మార్చి 26 తెల్లవారకముందే డాలి అనే సరకు ఓడ ఢీకొని ఆ వంతెన కూలిపోయింది. దాని మీద రోడ్డు గుంతలు పూడుస్తున్న కార్మికుల్లో ఆరుగురు చనిపోయారు. బతుకుదెరువు కోసం వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు. అప్పటినుంచి గ్యాసు ఉన్న బండ్లు ఊరికి పడమటి వైపు 695 హైవే మీదుగా చుట్టు తిరిగి రావాలి. ఆ చుట్టు తిరిగే ప్రతిసారీ వాళ్లు గుర్తొస్తారు. నా దారి కాస్త పొడవయిందని విసుక్కోవడానికి మనసొప్పదు.

సైటులోకి చేరాక చేసే పనికి ఒక వరస ఉంది. దాన్ని తొందర పెట్టకూడదు. ముందు ట్రైలర్ అటూ ఇటూ సమంగా నిలిచిందో లేదో చూసి, తక్కువైన వైపు చక్రం కింద పలక వేయాలి. తర్వాత చక్రాలకు ముందూ వెనకా అడ్డుదిమ్మలు గట్టిగా తన్ని బిగించాలి. ఇవి పడకుండా, ట్రక్కుకు ట్రైలర్‌ను కలిపే హిచ్ మీద చెయ్యి వేయకూడదు. ఆ పైన లైట్ల తీగ ఊడదీయాలి. గొలుసులు విప్పి, జాకీ దింపి, కొక్కెం తీసి, మెల్లగా పైకి లేపితే ట్రక్కు బంతి మీదనుంచి ట్రైలర్ మూతి టక్కున విడిపోతుంది. మా నాన్న పక్కనే నిలబడి అంతా చూశాడు. గొలుసులు తిన్నగా కాకుండా కత్తెర వేసినట్టు ఎందుకున్నాయిరా అని అడిగాడు. ఎప్పుడైనా హిచ్ జారిపోతే ట్రైలర్ మూతి రోడ్డుకు గుద్దుకోకుండా ఆ కత్తెర ఉయ్యాల్లో పడుతుందని చెప్పాను. వంగి మళ్లీ చూశాడు. తర్వాత హిచ్‌కు తాళం వేసి ట్రక్కులో గ్రీన్‌బెల్ట్ స్టేషన్‌కు బయలుదేరుతుంటే అన్నాడు: ‘కాశీ వెళ్లినా తిరుపతి వెళ్లినా ఇంతే కదరా. సామాను సత్రంలో పెట్టి, తాళం వేసుకుని, చేతులూపుకుంటూ దర్శనానికి పోవాలి.’ ఇన్నేళ్లుగా నేను చెప్పాలనుకుంటున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. గ్రీన్ లైన్ ఎక్కి ఆర్కైవ్స్ స్టేషన్‌లో దిగితే నేషనల్ మాల్ నాలుగు అడుగుల దూరం. అమ్మ అలసిపోగానే ఆమెను తీసుకుని వెనక్కి వచ్చేశాం. ఇంకాసేపు చూస్తామన్న పిల్లలు నాన్నతో ఉండిపోయారు. బండి కోసం ఎవరూ ఎవరికోసమూ ఆగనక్కర్లేదు.

ఒకప్పుడు నగరాలే ఈ బండ్లను పిలిచి కూర్చోబెట్టేవి. 1920ల మొదట్లో కార్లలో దేశం తిరిగేవాళ్లు పెరిగినప్పుడు, వాళ్లు తమ ఊళ్లో ఆగి నాలుగు డాలర్లు ఖర్చుపెడతారన్న ఆశతో అమెరికా పట్టణాలు ఉచిత ఆటో క్యాంపులు తెరిచాయి. డెన్వర్‌లోని ఓవర్‌ల్యాండ్ పార్కు వాటిలో చాలా పేరున్నది. టాంపాలో 1919లోనే టిన్ క్యాన్ టూరిస్టులు అనే సంఘం పుట్టింది. తర్వాత డబ్బులేనివాళ్లు వచ్చి రోజుల తరబడి ఉండిపోతున్నారని ఊళ్లు రుసుము పెట్టాయి, ఆ పైన ఒక్కొక్కటిగా మూసేశాయి. ఓవర్‌ల్యాండ్ పార్కు ఇప్పుడు గోల్ఫ్ మైదానం. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లే కుటుంబాలు దారిలో మోంటానాలోని బిల్లింగ్స్‌లో ఆగుతుండటం చూసి ఒక వ్యాపారి నది ఒడ్డున తన స్థలంలో క్యాంపు పెట్టాడు. అదే కేఓఏ అనే క్యాంప్‌గ్రౌండ్ల సంస్థ అయింది. ఊరు వదులుకున్న పని వ్యాపారం చేతికి పోయింది.

రాత్రికి ఎక్కడో ఆగి పొద్దున్నే వెళ్లిపోయే మజిలీకైతే వాల్‌మార్ట్ వంటి దుకాణాల ముందు చోటు అడగవచ్చు. మేనేజరును అడిగి, అనుమతి ఉంటేనే. అది నిద్రకు సరిపోతుంది. ట్రైలర్‌ను అక్కడ వదిలి రోజంతా ఊరు చూడడానికి పోవడం మాత్రం ఆ దుకాణం మర్యాదను వాడుకోవడమే అవుతుంది. నేను చేయను.

వీధి అంచున పెట్టడం గురించి నా అభిప్రాయం ఇంకా గట్టిది. లాస్ ఏంజలిస్‌లో చాలా వీధుల్లో 22 అడుగుల పొడవు, లేదా 7 అడుగుల ఎత్తు దాటిన బండి రాత్రి 2 నుంచి 6 దాకా నిలవకూడదని బోర్డులుంటాయి. అవి మనలాంటి యాత్రికుల కోసం పెట్టినవి కావు. అద్దె కట్టలేక పాత ట్రైలర్లలోనే సంసారం చేస్తున్నవాళ్ల కోసం పెట్టినవి. ఆ బోర్డు లేని వీధిలో చోటు కనబడితే ఉచితంగా దొరికిందని మనం సంబరపడకూడదు. అది ఇంకొకరికి ఆ రాత్రి ఇల్లు. క్యాంప్‌గ్రౌండ్‌కు డబ్బు కట్టగలిగినవాళ్లం దాన్ని ఆక్రమిస్తే, వీధివాళ్ల ఫిర్యాదుతో రేపు అక్కడా బోర్డు వెలుస్తుంది.

నగరాల రవాణా శాఖలను నేను కోరేది చిన్నదే. మెట్రో చివరి స్టేషన్ల దగ్గర ఉద్యోగుల కార్ల కోసం ఎకరాలకొద్దీ తారు పోసి ఉంది. శని ఆదివారాల్లో దాంట్లో ఎక్కువ భాగం ఖాళీ. ఒక అంచున, తిన్నగా వచ్చి తిన్నగా వెళ్లిపోయేలా 50 అడుగుల గడులు పది గీయించండి. పగటిపూటకే చాలు. గంటకింత అని రుసుము పెట్టండి, టికెట్లు కొని రైలెక్కుతాం. క్యాంప్‌గ్రౌండ్‌లో చోటు దొరకని వారాంతాల్లో, దారిన పోతూ ఒక్క పూట ఊరు చూసి వెళ్దామనుకునే కుటుంబాలకు ఈ రోజున ఆ సౌకర్యం దాదాపు ఎక్కడా లేదు.