ఇత్తడి బిందెలో పాట

పారేసిన ఇత్తడి, పాత టేకు, పాడైన టీవీల, లాప్‌టాప్‌ల భాగాలు కలిపి చేత్తో తయారుచేసే స్పీకర్లు, రేడియోలు, హెడ్‌ఫోన్లను ఇప్పుడు స్టీమ్‌పంక్ పరికరాలంటున్నారు. ఆ మాట 1987 నాటిది. అమెరికన్ రచయిత కె. డబ్ల్యు. జీటర్ 'లోకస్' పత్రికకు రాసిన ఉత్తరంలో, ఆవిరి యంత్రాల కాలం చుట్టూ అల్లుతున్న కల్పిత కథలకు ఆ పేరు పెట్టాడు. కథల నుంచి అది చేతిపనికి పాకింది. పాట వినిపించే పెట్టెకు ఆవిరితో పనేమిటన్న అనుమానం సహజమే గాని, కాలాలు మాత్రం కలుస్తాయి. టెలిఫోన్ 1876లో, ఎడిసన్ ఫోనోగ్రాఫ్ 1877లో, బెర్లినర్ గ్రామఫోన్ 1887లో వచ్చాయి. అప్పటికి రైళ్ళూ మిల్లులూ బొగ్గు మీదే నడుస్తున్నాయి. ఆ తొలి పరికరాల్లో ఇత్తడి గొట్టం, చెక్క పెట్టె, బయటికి కనిపించే మరలు ప్రతిదానికీ ఒక పని ఉండేది. ఈ చేతిపనిలో మంచిచెడ్డలు తేల్చే గీటురాయి అదే. తిరగని పళ్ళచక్రాన్ని జిగురుతో అతికించిన స్పీకరు షోకేసు బొమ్మ కిందే లెక్క. అదే చక్రం తిప్పితే వాల్యూమ్ తగ్గిందా, అది పనితనం.

హైదరాబాదులో దీనికి నమూనా చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళాలి. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ కూర్చిన సంగీత గడియారంలో కమ్మరి బొమ్మ సెకను సెకనుకీ సుత్తి దెబ్బ వేస్తుంది. గంట గంటకూ గడ్డపు మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. ఆ కాస్త సేపటి కోసం జనం ముందుగానే వచ్చి కూర్చుంటారు. చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో కళ్ళకు కనబడటమే అక్కడి వింత. జేబులో ఫోను అంతకన్నా ఎన్నో రెట్లు క్లిష్టమైన యంత్రం; దాన్ని చూడ్డానికి ఎవరూ కూర్చోరు.

ఇక ముడిసరుకు దొరికే చోటుకు ఒక ఉదాహరణ పుప్పాలగూడ. రంగారెడ్డి జిల్లాలో పాత ఊరు. 2018లో మణికొండ మున్సిపాలిటీలో కలిసింది. ఒకపక్క ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, మరోపక్క ఔటర్ రింగ్ రోడ్డు. ఈ పనికి కావలసిన రెండు రకాల తుక్కూ ఇలాంటి చోట దగ్గర దగ్గరగా దొరుకుతుంది. ఆఫీసులు మారినప్పుడల్లా లాప్‌టాప్‌లు, యూపీఎస్‌లు, కాల్‌సెంటర్ హెడ్‌సెట్లు బయటపడతాయి. పాత ఇళ్ళు కూల్చి అపార్టుమెంట్లు కట్టేటప్పుడు టేకు తలుపులు, గడపలు, అటక మీది బిందెలు, గంగాళాలు పాత సామాను బండెక్కుతాయి. దొరకని వాటికి హైదరాబాదు నగరంలోకి వెళ్ళాలి. కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు. రాణిగంజ్‌లో నట్లు, బోల్టులు, వాల్వు చక్రాలు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమ్మెరాత్ బజార్‌లో ఏది కనబడుతుందో ఆ వారం అదృష్టం. లేజర్‌తో రేకు కోయించుకోవాలన్నా, సర్క్యూట్ బోర్డు చేయించుకోవాలన్నా 2023 మార్చి 2న మొదలైన నమూనాల తయారీ కేంద్రం టీ-వర్క్స్ రాయదుర్గంలోనే ఉంది. తొలి దశలోనే దాని విస్తీర్ణం 78,000 చదరపు అడుగులు. నిజానికి ఈ పనిలో సగం దానికి ఎంతో ముందే రేడియో మెకానిక్ కొట్లలో జరిగింది. హైదరాబాదులోని దక్కన్ రేడియో 1935లో నిజాం ప్రభుత్వం చేతికి, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి చేతికి వచ్చింది. ఆ ప్రసారాలు వినిపించిన వాల్వు సెట్లను బాగుచేసినవాళ్ళు ఒక సెట్టు చచ్చిపోతే దాని భాగాలతో ఇంకో రెండింటిని బతికించేవారు. వాళ్ళ పనికి పేరేమీ లేదు.

తుక్కు విప్పేటప్పుడు మొదటి పాఠం జాగ్రత్త. వాల్వు రేడియోలో ప్లేటు వోల్టేజీ 250 దాకా ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా ఫిల్టర్ కెపాసిటర్లు ఆ చార్జిని పట్టుకునే ఉంటాయి. స్క్రూడ్రైవరుతో కలిపి టప్‌మనిపించడం మొరటు పని. ఒక రెసిస్టరు ద్వారా నెమ్మదిగా దింపాలి. చవకరకం ఏసీ-డీసీ సెట్లలో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఇనుప చట్రానికే మెయిన్స్ కరెంటు తగిలే వీలుంది. అలాంటి చట్రాన్ని ఇత్తడి పెట్టెలో బిగించడమంటే పెట్టె మొత్తానికీ కరెంటు పెట్టడమే. పిక్చర్ ట్యూబ్ టీవీలో స్పీకరు తీసుకుని మిగతాదాని జోలికి పోకపోవడం మేలు. అందుకే ఈ పరికరాలన్నీ దాదాపు 5 నుంచి 12 వోల్టుల మీదే నడుస్తాయి. ఎల్‌ఎం386 అనే ఎనిమిది కాళ్ళ చిప్పు 9 వోల్టుల బ్యాటరీతో చిన్న గదికి సరిపడా శబ్దం ఇస్తుంది. 1, 8 కాళ్ళను వదిలేస్తే అది శబ్ద సంకేతాన్ని 20 రెట్లు పెంచుతుంది, వాటి మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే 200 రెట్లు. రెట్లతో పాటు గురగురా పెరుగుతుంది కాబట్టి అనుభవం ఉన్నవాళ్ళు 20 దగ్గరే ఆగుతారు.

కరెంటు ఇవ్వడానికి లాప్‌టాప్ బ్యాటరీలోని 18650 సెల్సు పనికొస్తాయి. ప్యాకు చచ్చిందంటే అన్ని సెల్సూ చచ్చినట్టు కాదు, తరచూ ఒకటి రెండే పాడవుతాయి. మీటరు పెట్టి చూసి, 2 వోల్టుల కన్నా దిగిపోయినదాన్ని, తొడుగు ఉబ్బినదాన్ని, తుప్పు పట్టినదాన్ని పక్కన పెట్టాలి. వాటిని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వాలి. మిగిలినవి 4.2 వోల్టులు దాటకుండా, మరీ దిగజారకుండా కాపాడే రక్షణ బోర్డు తప్పనిసరి. ఇత్తడి డబ్బాలో నగ్నంగా సెల్సు వేసి మూత బిగిస్తే అది స్పీకరు కాదు, బాంబు.

ఇత్తడికి టంకం పెట్టడం దగ్గర కొత్తవాళ్ళు ఎక్కువగా ఓడిపోతారు. సర్క్యూట్ బోర్డుకు వాడే 25 వాట్ల ఐరన్ బిందె గోడకు ఆనించగానే చల్లబడిపోతుంది. ఇత్తడి ఆ వేడిని అంతా పంచేసుకుంటుంది. టంకం గోళీలా ఉబ్బి, గోరుతో గీకితే ఊడివస్తుంది. 100 వాట్ల ఐరనో, గ్యాస్ మంటో కావాలి. తగరం 60, సీసం 40 పాళ్ళ టంకం 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది గాని, అది అతుక్కోవాలంటే రేకు కూడా అంత వేడెక్కాలి. అంతకుముందు మకిలి పోవాలి. ఈ రహస్యం కళాయివాళ్ళకు ఎప్పుడో తెలుసు. గిన్నెను బొగ్గుల మీద తిప్పుతూ, నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి, దూది ఉండతో ఒక్క ఊపులో రుద్దేవారు. తెల్లటి పొగ లేచి గిన్నె లోపల వెండిలా మెరిసేది. నవాసారం చేసే పని ఇప్పటి ఫ్లక్సు చేస్తుంది: లోహం మీది ఆక్సైడును తినేస్తుంది. రేకు సిద్ధమైందో లేదో చెప్పేది టంకమే. గుండులా నిలబడితే ఇంకా పట్టలేదు, నీళ్ళలా పారి అంచు వెంట లోపలికి జారితే పట్టింది. ఫ్లక్సు పొగ పీల్చకుండా కిటికీ దగ్గర కూర్చోవాలి.

బిందెను స్పీకరు పెట్టెగా వాడటం చూడ్డానికి తేలిక, వినడానికి కష్టం. బిందెకు తన సొంత గొంతు ఉంటుంది. 10 లీటర్లు పట్టే బిందెకు 10 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తు మెడ ఉంటే లోపలి గాలి సుమారు 140 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఘటం మీద అరచెయ్యి ఆడించినప్పుడు వినిపించే గుమ్మనే ధ్వని ఈ కోవదే. ఆ స్థాయి దగ్గర పాట పొంగిపోతుంది, దానికి దిగువన పడిపోతుంది. మెడలో గొట్టం పెట్టి పొడుగు పెంచితే ఈ స్థాయి దిగుతుంది. రేకు కూడా వేరే మోగుతుంది. లోపల సైకిలు ట్యూబు ముక్కలు అతికించి, కొంత దూది వేస్తే ఆ గణగణ తగ్గుతుంది. దూది ఎక్కువైతే పాట దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. గుప్పెడు వేసి, విని, ఇంకో గుప్పెడు వేసే పద్ధతికి మించిన లెక్క లేదు.

ఇత్తడి డబ్బా తెచ్చే మరో చిక్కు బ్లూటూత్. లోహం రేడియో తరంగాలను ఆపేస్తుంది. అన్నీ బిగించాక ఫోను పక్క గదిలోకి వెళ్ళగానే పాట తెగిపోతుంటే కారణం అదే. యాంటెన్నా ఉన్న బోర్డును టేకు పీఠంలోనో, గాజు మూత వెనకనో పెట్టాలి. ఆ గాజు కిటికీ అందానికి పెట్టినట్టుంటుంది గాని సంకేతం వచ్చే దారి అది. గీటురాయి ఇక్కడా నిలబడింది.

గొట్టం విషయంలో తెలుగువాళ్ళకు చెప్పాల్సింది తక్కువ. సన్నాయి చివర విచ్చుకునే మూతి, జాతరలో ఊదే కొమ్ము, పెళ్ళి పందిరి మీది మైకు గొట్టం, అన్నీ ఒకే సూత్రం. గొట్టం కొత్తగా శక్తి పుట్టించదు. చిన్న పొర కదలికను విశాలమైన గాలికి మెల్లమెల్లగా అప్పగిస్తుంది. మూతి చుట్టుకొలత ఎంతో అంత తరంగదైర్ఘ్యం దాకానే సాయం చేస్తుంది. 30 సెంటీమీటర్ల మూతి ఉన్న గొట్టం సుమారు 365 హెర్ట్జ్ కన్నా కింద చేతులెత్తేస్తుంది. గ్రామఫోను గొంతు ముక్కుతో పాడినట్టు ఉండటానికి ఇదొక కారణం. పాత మైకు గొట్టం వాడేటప్పుడు దాని యూనిట్ సాధారణంగా 16 ఓములదని గుర్తుంచుకోవాలి. కింది స్వరాలు దాని పల్చటి పొరను చింపేస్తాయి కాబట్టి వరసలో సుమారు 25 మైక్రోఫారడ్‌ల నాన్‌పోలార్ కెపాసిటర్ పెడితే 400 హెర్ట్జ్ దిగువ ధ్వని క్రమంగా తగ్గుతుంది. ఆ కింది స్వరాల భారం బిందెకు, పై స్వరాలు గొట్టానికి అప్పగిస్తే రెండూ తమ పని తాము చేసుకుంటాయి.

ముందు పలక మీద పెట్టే ముల్లు మీటరుకు చాలా ఇళ్ళ అటక మీద ముడిసరుకు ఉంది: పాత టీవీ స్టెబిలైజరు. అందులోని మీటరు అయస్కాంతం, తీగ చుట్ట ఉన్న రకమైతే దానితో వరసలో ఉన్న పెద్ద రెసిస్టరు తీసేసి, ఒక డయోడు, ఒక ప్రీసెట్ చేర్చితే పాట జోరుకు ముల్లు ఊగుతుంది. గీతల మీద 220 అన్న అంకెను అలాగే ఉంచడం మంచిది. మృదంగం దరువుకు ముల్లు 220 దాటి ఎగరడం చూస్తే, ఒకప్పుడు టీవీ కాలిపోతుందేమోనని పరుగెత్తినవాళ్ళకు నవ్వొస్తుంది. వాల్యూముకు కుళాయి చక్రం బాగుంటుంది; పొటెన్షియోమీటరు ఇరుసు సాధారణంగా 6 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి చక్రం మధ్యలో అంతే రంధ్రం వేసి పక్క మరతో బిగిస్తారు. బరువైన ఇత్తడి చక్రం కాస్త బద్ధకంగా తిరగడం వల్ల వాల్యూము ఒక్కసారిగా ఎగరదు.

వెలిగే వాల్వుల దగ్గర మాత్రం ఈ పనిలో మోసం ఎక్కువ. వాల్వు అడుగున నారింజ రంగు ఎల్‌ఈడీ పెట్టి వెలిగినట్టు చూపడం మామూలైపోయింది. చాలా వాల్వుల ఫిలమెంటుకు 6.3 వోల్టులు చాలు, ప్లేటుకు ఏమీ ఇవ్వకపోయినా అసలు వెలుగు వస్తుంది, ప్రమాదమూ లేదు. అంత కన్నా నిజాయతీగా ఉండాలనుకుంటే ఆ వాల్వునే తీసేయాలి.

రంగు తేవడానికి రెండు దారులు. చింతపండు, ఉప్పు వేసి తోమితే కిలుము వదిలి ఇత్తడి పచ్చగా మెరుస్తుంది. పాతదనం కావాలనుకునేవాళ్ళకు ఆ మెరుపు అడ్డం. రాగి ముక్కనైతే మూసిన డబ్బాలో చితక్కొట్టిన ఉడికిన గుడ్డుతో పాటు కొన్ని గంటలు ఉంచితే, గుడ్డులోంచి వచ్చే గంధక వాయువుకు గోధుమ రంగు పట్టి మెల్లగా నల్లబడుతుంది. ఏ రంగు చాలనిపిస్తే అక్కడ తీసి, కడిగి, తుడిచి, మైనం రాస్తారు.

చివరి పని మూత. జిగురుతో మూసిన పరికరం మళ్ళీ తుక్కు కిందే పోతుంది. మరలు బిగించినది ఇంకోసారి తెరుచుకుంటుంది. పాత వాల్వు రేడియోల వెనక అట్ట లోపలి వైపు సర్క్యూట్ బొమ్మ అతికించి ఉండేది. ఆ అలవాటు పాటించేవాళ్ళు బిందె అడుగు చెక్క మీద ఏ తీగ ఎక్కడికి వెళుతుందో, ఏ సెల్లు ఏ తేదీన వేశారో పెన్సిలుతో రాసి, పైన కాస్త వార్నిషు పూస్తారు.