తప్పినా దొరికే రైలు

జూలై చివర్లో ఒక రాత్రి మా మేనకోడలు జ్యూరిక్ నుంచి ఫోన్ చేసింది. బీటెక్ మూడో సంవత్సరం అయ్యాక అక్కడి ఒక ల్యాబులో రెండున్నర నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది, ఆ వారంతో అది ఆఖరు. తిరుగు విమానానికి నడుమ నాలుగు రోజులు ఖాళీ. తోటి పిల్లలంతా కలిసి పారిస్ పోతున్నారట. తను మాత్రం ఒక్కతే కొండల్లోకి పోతానంటుంది. "మామయ్యా, అమ్మకు నువ్వే చెప్పాలె" అన్నప్పుడు గాని ఫోన్ ఎందుకు వచ్చిందో నాకు తెలియలేదు.

అక్క అడిగింది ఒక్కటే ప్రశ్న. "రైలు తప్పిపోతే పిల్ల ఏం జేస్తది?"

కాజీపేటలో పుట్టి పెరిగినవాళ్లకు అది చిన్న ప్రశ్న కాదు. జంక్షన్లో అందుకోవాల్సిన బండి వెళ్లిపోతే ప్లాట్‌ఫారం మీద దుప్పటి పరుచుకోవడం మా ఇంట్లో అందరికీ అలవాటైన పనే. అక్కకు జవాబు చెప్పడం కోసమే నేను స్విట్జర్లాండ్ రైళ్ల టైంటేబుల్ తెరిచాను. తెల్లారేదాకా మూయలేకపోయాను. ఆ దేశం నేను చూడలేదు, ఆ బండ్లు ఎక్కలేదు. అయినా దాని పనితనం గురించి రాయడానికి సాహసిస్తున్నాను. చీర కట్టనివాడికి నేత బాగుందనే హక్కు లేకపోలేదు గదా.

మొట్టమొదట కంటికి ఆనేవి నిమిషాలు. ఏ స్టేషన్ పేజీ తీసినా గంటల అంకె మారుతూ పోతుంది, నిమిషాల అంకె కదలదు. ఏడు దాటి ఎనిమిది నిమిషాలకు ఒక బండి ఉంటే ఎనిమిది దాటి ఎనిమిదికీ ఉంటుంది, తొమ్మిది దాటి ఎనిమిదికీ ఉంటుంది, అలా చీకటి పడేదాకా. ఇంకాస్త చూస్తే ఇంకో మడత కనబడుతుంది. ఒక దిక్కుకు పోయే బండి గంట దాటిన రెండు నిమిషాలకు కదిలితే, ఆ దిక్కు నుంచి వచ్చే బండి గంటకు రెండు నిమిషాల ముందు చేరుతుంది. రెండంకెలూ కూడితే అరవై. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ అయినా లెక్క మాత్రం అదే. పోయే బండి వేళ తెలిస్తే వచ్చే బండి వేళ నోటితోనే తీసేయవచ్చు. దేశం మొత్తం టైంటేబుల్‌ను గంట గీత దగ్గర పంచెలా మడత పెట్టినట్టు ఉంటుంది, అంచు మీద అంచు పడుతుంది.

ఇది అందం కోసం చేసింది కాదు. జ్యూరిక్, బెర్న్, బాజెల్ లాంటి స్టేషన్లలో గంట కొట్టడానికి కాస్త ముందు అన్ని దిక్కుల బండ్లూ వచ్చి నిలబడతాయి. జనం ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కుతారు. గంట దాటగానే బండ్లన్నీ తలో దారి పడతాయి. ఇలాంటి స్టేషన్‌కు జర్మన్‌లో వాళ్లు వాడే మాటకు అర్థం ముడి. అలా కలుసుకోవాలంటే ఒక ముడి నుంచి ఇంకో ముడికి ప్రయాణం గంటకు కొంచెం తక్కువ పట్టాలి. గంటకు కొంచెం ఎక్కువైతే సభ ముగిశాక వచ్చిన చుట్టంలా ఉంటుంది. జ్యూరిక్ నుంచి బెర్న్‌కు ఒకప్పుడు 69 నిమిషాలు పట్టేది. ఆ తొమ్మిది నిమిషాల ఖరీదు దిగినచోట దాదాపు ఇంకో గంట పడిగాపులు.

దాన్ని వాళ్లు సరిచేసిన తీరు చూస్తే నాకు నవ్వూ వచ్చింది, దండం పెట్టాలనీ అనిపించింది. మాట్‌స్టెటెన్ నుంచి రోట్రిస్ట్ దాకా 45 కిలోమీటర్ల కొత్త లైను వేసి, గంటకు 200 కిలోమీటర్ల వేగంతో నడిపి, ప్రయాణాన్ని 56 నిమిషాలకు దించారు. అక్కడితో ఆపేశారు. నలభైకి దించితే ఏం లాభం? బెర్న్‌లో కూర్చుని పావుగంట గోళ్లు గిల్లుకోవడమే. పక్కనున్న ఫ్రాన్స్ 1981లోనే పారిస్, లియాన్ నడుమ మెరుపు రైళ్లు మొదలుపెట్టి లోకాన్ని నోరెళ్లబెట్టేలా చేసింది. వీళ్లు మాత్రం ఎంత వేగం కావాలో లెక్కగట్టి అంతే కొన్నారు. సంతలో మా అమ్మ కూరగాయలు కొన్నట్టు.

ఈ ఆలోచన పై అధికారుల దగ్గర పుట్టలేదు. 1970ల మొదట్లో స్విస్ ఫెడరల్ రైల్వేలోని కొందరు కుర్ర ఇంజినీర్లు, సామ్యుయెల్ స్టేలి, హన్స్ మైనర్, జాన్-పియెర్ బెర్తూజో వగైరా, ఒక జట్టుగా చేరి దీన్ని అల్లారు. అప్పటికి నెదర్లాండ్స్‌లో, 1970 నుంచి, ఇలాంటి పద్ధతి నడుస్తోంది. 1972లో వీళ్లు దేశం మొత్తానికీ ఒక నమూనా తయారుచేసి పైవాళ్ల ముందు పెట్టారు. తమ జట్టుకు పెట్టుకున్న పేరు స్పిన్నర్‌క్లబ్. జర్మన్‌లో స్పిన్నర్ అంటే నూలు వడికేవాడు, వాడుకలో పిచ్చోడు అని కూడా. పదేళ్లు పట్టింది. 1982 మే 23 నుంచి దేశమంతటా గంటకో బండి నడిచింది. 1987 డిసెంబర్‌లో జనం ఓటేసి 'బాన్ 2000' అనే పెద్ద పథకానికి ఒప్పుకున్నారు. ఇందాక చెప్పిన కొత్త లైనుతో అది 2004 డిసెంబర్ 12న పట్టాలకెక్కింది.

నూలు మాట వచ్చింది గనక చెబుతున్నా. పోచంపల్లిలో బొమ్మ మగ్గం మీద పుట్టదు. ముందే గళ్ల కాగితం మీద లెక్కవేసి, నూలుకు ముడులు కట్టి, రంగులో ముంచి, ఆరబెట్టి, ఆ తర్వాతే మగ్గానికెక్కిస్తారు. నేసేటప్పుడు అప్పటికే నూలులో ఉన్న బొమ్మ బయటపడుతుంది. మనకు తెలిసిన రైల్వే పని దీనికి తలకిందులు. ముందు పట్టాలు వేస్తారు, వాటి మీద ఎన్ని బండ్లు పడతాయో చూసుకుని తర్వాత వేళలు రాస్తారు. ఈ పిచ్చోళ్లు ముందు వేళలు రాశారు. ఆ వేళలకు ఎక్కడ సొరంగం కావాలో, ఎక్కడ రెండో లైను కావాలో తర్వాత తేల్చారు.

లోపం లేదనను. ఇంత బిగుతుగా నేసినచోట ఒక్క పోగు జారితే పక్క పోగులూ జారతాయి. జర్మనీ నుంచి ఆలస్యంగా వచ్చే బండ్లతో వాళ్లకు పెద్ద తలనొప్పి. కొన్నిసార్లు అలాంటి బండిని బాజెల్‌లోనే ఆపేసి, జనాన్ని తమ బండిలోకి మార్చి పంపుతారు. అతిథి మర్యాద కాస్త తక్కువే అయినా ముడి విడిపోకుండా కాపాడుకుంటారు.

ఇక పిల్ల ప్రయాణం. ముందు పాస్‌పోర్టు తీయమన్నాను. వీసా స్టిక్కర్ మీద తేదీల గడి వేరు, ఎన్ని రోజులన్నది వేరే గడి. దిగిన రోజూ ఎక్కిన రోజూ రెండూ లెక్కలోకే వస్తాయి. చాలామంది తేదీలు చూసుకుని రోజులు మరిచిపోతారు. తన దగ్గర రెండూ సరిపోయాయి. దారి చివర్లో ఇటలీ ఉన్నా, ఒకే వీసా చెల్లే షెంగెన్ ప్రాంతంలో రెండు దేశాలూ ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు.

తను ఎంచుకున్నది జ్యూరిక్ నుంచి కూర్ (తెలుగువాడికి ఆకలి వేసే పేరు), అక్కడి నుంచి రేషియన్ రైల్వే వారి మీటర్‌గేజ్ బండిలో ఆల్బులా, బెర్నినా కనుమల మీదుగా ఇటలీ అంచున ఉన్న తిరానో దాకా. తూసిస్ నుంచి తిరానో వరకు 122 కిలోమీటర్లలో 55 సొరంగాలు, 196 వంతెనలు. 2008లో యునెస్కో ఈ దారిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దీని మీద పెద్ద పెద్ద అద్దాలతో బెర్నినా ఎక్స్‌ప్రెస్ అనే పర్యాటకుల బండి నడుస్తుంది, సీటు రిజర్వేషన్‌కు అదనంగా కట్టాలి. తను మొదట అందులోనే బుక్ చేయబోయింది. వద్దన్నాను. అవే పట్టాల మీద, అవే వంతెనల మీద మామూలు బండి గంటగంటకూ పోతుంది, దానికి రిజర్వేషన్ అక్కర్లేదు. పైగా చిన్న స్టేషన్లలో ఆగుతుంది. ఎండాకాలం బెర్నినా లైనులో కొన్ని బండ్లకు పైకప్పు లేని పసుపుపచ్చ పెట్టెలు కూడా తగిలిస్తారు.

ఆ దారి పనితనం వేరే రకం. ఆల్బులా లైను 1903, 1904లలో, బెర్నినా లైను 1910కల్లా పూర్తయ్యాయి. బెర్గ్యూన్ నుంచి ప్రేడాకు ఎత్తు తేడా నాలుగు వందల మీటర్ల పైచిలుకు. నేరుగా పోతే బండి ఎక్కలేదు. అందుకని కొండ లోపల పట్టాలను చుట్టలు చుట్టారు. బండి సొరంగంలో దూరి, గుండ్రంగా తిరిగి, దూరిన చోటికి పైనుంచి బయటికొస్తుంది. కిటికీలో ఒకే లోయ ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కనబడి కొత్తవాళ్లను తికమక పెడుతుందట. బెర్నినాలోనైతే పద్నాలుగు మీటర్ల నడకకు ఒక మీటరు ఎక్కుడు. పళ్లచక్రం సాయం లేదు, ఉత్త ఇనుము మీద ఇనుము పట్టే. ఒస్పిజియో బెర్నినా స్టేషన్ ఎత్తు 2253 మీటర్లు. దాని పక్కనే రెండు చెరువులు. నల్లచెరువు నీళ్లు డాన్యూబ్‌లో కలిసి నల్లసముద్రానికి, తెల్లచెరువు నీళ్లు పో నదిలో కలిసి ఏడ్రియాటిక్‌కు పోతాయి. అక్కడి నుంచి బండి 429 మీటర్ల దగ్గరున్న తిరానోకు దిగాలి. బ్రూజియో దగ్గర కొండ కూడా దొరకలేదు. దాంతో పొలంలోనే తొమ్మిది కమానుల రాతి వంతెనను గుండ్రంగా కట్టి, బండిని దాని కింద నుంచే దూర్చారు.

బస పొంట్రెసీనాలో, స్టేషన్ దగ్గరే యూత్ హాస్టల్ ఉంది. ఆదివారం చాలా సూపర్ మార్కెట్లు మూస్తారు గనక శనివారమే రొట్టె, పెరుగు కొనిపెట్టుకోవాలి. రాత్రి చివరి బండి మటుకు తప్పకూడదు, గంటాగినా రాని బండి ఆ దేశంలో అదొక్కటే. ఈ ముక్క మూడుసార్లు చెప్పాను.

బయల్దేరే ముందు జ్యూరిక్ స్టేషన్ గడియారాన్ని కాసేపు నిలబడి చూడమన్నాను. 1944లో హన్స్ హిల్ఫికర్ అనే రైల్వే ఇంజినీర్ గీసింది. ఎర్రటి సెకన్ల ముల్లు తర్వాత, 1953లో చేర్చారు. బండి కదలడానికి చూపే ఎర్ర బిళ్ల ఆకారం దానిది. అది సుమారు యాభై ఎనిమిదిన్నర సెకన్లలో చుట్టు తిరిగి వచ్చి, పన్నెండు మీద ఆగి, ప్రధాన గడియారం నుంచి సైగ వచ్చేదాకా నిలబడుతుంది. సైగ రాగానే నిమిషాల ముల్లు టక్కున ఒక గడి దూకుతుంది. దేశంలోని స్టేషన్ గడియారాలన్నీ కలిసి ఊపిరి బిగబట్టే ఆ సెకనున్నర కోసమే నేను స్విట్జర్లాండ్ వెళ్లాలనుకుంటున్నాను. ఇదంతా విని అక్క నవ్వింది, పిల్ల ప్రయాణానికి ఒప్పుకుంది.

తను బయల్దేరిన రోజు మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది. "మామయ్యా, ఫిలిసూర్‌ల బండి ఇడిసిపెట్టిన." దిగి, అడవి బాటన నడిచి, లాండ్‌వాసర్ వంతెన కనబడే చోట కూర్చుందట. కింద ఫోటో. 1902లో కట్టిన వంతెన, ఆరు కమానులు, 65 మీటర్ల ఎత్తు. కట్టేటప్పుడు కింది నుంచి పరంజా లేపలేదు. పొడవాటి మూడు స్తంభాల లోపల ఇనుప బురుజులు నిలిపి, వాటి మీది క్రేన్లతో రాళ్లెత్తి, బురుజుల చుట్టూనే కట్టుకుంటూ పోయారు. వంతెన వంపు తిరుగుతూ వెళ్లి నిట్టనిలువు రాతిగోడలోని సొరంగానికి ఆనుతుంది. ఫోటోలో ఎర్రటి బండి సగం వంతెన మీద, సగం కొండలో ఉంది.

ఫోన్ అక్కకిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"గిదేనా ఇడిసిపెట్టింది? మరి ఎట్ల పోతది?"

"గంటాగి, గదే నిమిషానికి."