విచారమునకు రెండర్థములు

వరదగోదావరి నీరు కాలువలలో ఎఱ్ఱగా దిగిన దినములందు, మా అత్తిలి ప్రాంతమున వెనుకటి తరము ఇల్లాండ్రు బిందెతో తెచ్చిన నీటిని కుండలో పోసి, దాని లోపలి గోడకు చిల్లగింజను అరగదీసి, మూతవైచి రాత్రియంతయు కదపక యుంచెడివారు. తెల్లవారునప్పటికి మన్ను అడుగంటి, పైనీరు అద్దమువలె తేరియుండెడిది. అరగిన గింజపొడియు మన్నుతోనే అడుగునకు చేరును గాని నీటిలో మిగులదు. సంస్కృతమున కతకమని పేరుగల ఈ గింజనే, అజ్ఞానమును పోగొట్టి తానును తొలగిపోవు జ్ఞానమునకు ఉపమానముగా శంకరుల పేర వెలసిన ఆత్మబోధ గ్రహించినది.

తెలుగువాడు విచారమనగా దుఃఖమనుకొనును. సంస్కృతమున ఆ మాటకు ఆరసి చూచుట యని యర్థము. దుఃఖితుని మనస్సును దగ్గఱనుండి కనిపెట్టినవారికి ఈ అర్థభేదము వింతగా తోచదు. పోయినదానినే తలపోయుచు, తిరిగిన త్రోవనే గానుగెద్దువలె తిరుగాడు ఆలోచన దుఃఖము; ఆ ఆలోచనయే ఒకనాడు వెనుదిరిగి, ఈ బాధ ఎవనిది, ఇది ఎచ్చటనుండి లేచుచున్నదని కుతూహలముతో అడుగగా అన్వేషణమగును. భగవద్గీత భక్తులను నాలుగు తెగలుగా చెప్పుచు, ఆర్తుని వెంటనే జిజ్ఞాసువును నిలిపినది. వ్యాఖ్యాతలు ఆ క్రమమునకు ఏ కారణము చెప్పినను, మొదటివాడు రెండవవాడగుటయే ఆధ్యాత్మిక చికిత్స యని నా నిశ్చయము.

ఈ చికిత్సకు మిక్కిలి పురాతనమైన నిదర్శనము ఛాందోగ్యోపనిషత్తున కలదు. నారదుడు సనత్కుమారుని చేరి, తాను చదివిన వేదేతిహాసాది విద్యల పట్టికనంతయు ఏకరువుపెట్టి, ఇన్ని యెఱిగియు శోకమును దాటలేకున్నానని విన్నవించుకొనును. గురువు ఓదార్పుమాట ఒక్కటియు చెప్పడు. నామముతో ఆరంభించి ఒక్కొక్క మెట్టే చూపును. ప్రాణము వఱకు ప్రతి మెట్టున నారదుడు, దీనికంటె అధికమైనది కలదా యని అడుగును. అట్లు అడిగి యడిగి, ఆపైని గురువే ముందుకు నడుపగా, భూమమను అపరిమితతత్త్వము దాక పోవును. తైత్తిరీయమున వరుణుడు తన కుమారుడైన భృగువునకు ఈపాటి సాయమును చేయడు. తపస్సుచేసి తెలిసికొమ్మని పంపివేయును. భృగువు అన్నమే బ్రహ్మమనుకొని వచ్చును, మరల పోవును. ప్రాణమనుకొనును, మనస్సనుకొనును, విజ్ఞానమనుకొనును. తుదకు ఆనందమున నిలుచును. మనకు దొరకిన సమాధానము తప్పని తెలిసినప్పుడు సిగ్గుపడక మరల బయలుదేరుట ఈ మార్గమునందలి మెలకువలలో కెల్ల పెద్దదని నేను తలంతును.

ప్రశ్నను పక్వము కానిచ్చుట మఱియొక మెలకువ. పిప్పలాద మహర్షి తనకడకు వచ్చిన ఆర్గురు జిజ్ఞాసువులను, ఒక సంవత్సరము నియమముతో తనయొద్ద వసించి, ఆపైని ఇష్టమైనది అడుగుడనెను. ఏడాది గడచునప్పటికి పైపై ప్రశ్నలు తమంతట తామే రాలిపోవును గదా! అయితే అంతకాలము ఆ యడుగువానికి అన్నము పెట్టువారెవరు? ఆ భారమును మన సీమ ఏనాడో తలకెత్తుకొనినది. 945లో రాజ్యమునకు వచ్చిన తూర్పుచాళుక్య ప్రభువు రెండవ అమ్మరాజు, చామెకాంబ యను నామె ప్రేరణచే, అత్తిలినాండు విషయమునందలి కలుచుంబర్రు గ్రామమును, సర్వలోకాశ్రయ జినభవనపు భోజనశాల బాగుచేయుటకై జైనాచార్యుడైన అర్హనందికి ధారపోసెను. మతము వేఱైనను, ఆత్మశోధనము చేయువారి ఆకలి ఊరిబాధ్యతయను భావము ఆ శాసనమున నాకు కన్పట్టుచున్నది.

సంస్కృతము రాని వారికిని ఈ త్రోవ మూసికొనలేదు. పరశురామపంతుల లింగమూర్తికవి రచించిన సీతారామాంజనేయ సంవాదము తారక సాంఖ్య అమనస్క యోగములను పద్యములలో తెలుగువారి యెదుట పెట్టినది. అందు ఆంజనేయుడంతటివాడు శిష్యుడై కూర్చుండును.

మార్గశిర శుద్ధ షష్ఠినాడు అత్తిలి సుబ్రహ్మణ్యేశ్వరుని ఉత్సవమునకు చుట్టుపట్ల పల్లెలన్నియు కదలివచ్చును. ఆ కుమారస్వామి అంశముననే రమణమహర్షి అవతరించెనని కావ్యకంఠ గణపతిముని విశ్వసించెను. 1896లో మధురైలో పదునాఱేండ్ల ఆ బాలునికి హఠాత్తుగా మరణభయము కలిగినప్పుడు అతడు వైద్యునికై పరుగెత్తలేదు. శవమువలె కాలుసేతులు చాచి పరుండి, చచ్చునది ఏది, నేనను ఎఱుక కూడ దీనితో చచ్చునా యని లోపలికి చూచెను. ఆ చూపుతో భయము మరలరానట్లు పోయినది. తరువాత ఆయన బోధించిన పద్ధతియు ఇదియే: తలంపు లేచినపుడు దానివెంట పోక, ఇది ఎవనికి కలిగెనని అడుగవలెను, నాకు అని తోచును, ఆ నేను ఎవడనని వెదకగా మనస్సు పుట్టినచోటికి మరలును. నేనెవడనను మాటను మంత్రమువలె వల్లించుట విచారము కానేరదు. చితిని కుదుపు కట్టె చివరకు తానును ఆ మంటలోనే కాలిపోవునట్లు ఈ ప్రశ్నయు నశించునని ఆయన చెప్పెను. కాలువనీటి కుండ యెఱిగినవారికి ఈ మాట వెంటనే బోధపడును.

బాల్యముననే వైధవ్యము పొంది, ఏండ్లతరబడి ఆ దుఃఖమును మోసిన సూరి నాగమ్మగారు 1941లో రమణమహర్షి యున్న అరుణాచలము చేరిరి. ఆనాటి తెలుగింటిలో అట్టి స్త్రీకి విచారమనగా ఒక్కటే యర్థము. రెండవ యర్థము ఆమెకు ఆ సన్నిధిని లభించినది. 1945 నవంబరు మొదలు, ఆశ్రమమున దినదినము ఎవరేమి అడిగిరో, మహర్షి ఎట్లు బదులుచెప్పిరో ఆమె తన అన్నగారికి ఉత్తరములుగా వ్రాసిరి. దుఃఖమునకు అంకితమైపోవలసిన జీవితము ఇతరుల ప్రశ్నలను శ్రద్ధతో వినుటలోను, పదిలపఱచుటలోను నిండుట చూడగా నా హృదయము కరగును.

తీవ్రమైన మనోవ్యాధికి వైద్యుని యొద్దకు పోవలసినదే. అందు సంశయము వలదు. కాని నిద్రపట్టని రాత్రి, చేసిన ఆలోచననే మరల మరల చేయుచున్న పాఠకుడు, దానిని అణగద్రొక్కక, తఱిమివేయక, ఎవనికి ఈ విచారమని ఒక్కసారి నెమ్మదిగా అడిగి చూచునుగాక. వెంటనే సమాధానము రాకున్నను కుండను కదపవలదు. తోడు కావలసినచో నాగమ్మగారి శ్రీరమణాశ్రమ లేఖలను తెఱువుడు. అవి తెలుగులోనే పుట్టినవి. అన్నకు చెల్లెలు వ్రాసిన ఉత్తరములు గనుక నిఘంటువుతో పనిలేదు.