ఆటలో కథకు స్థానం

వీడియో ఆటలలో కథ ప్రధానమా, క్రీడ ప్రధానమా అన్న వివాదంలో క్రీడాపక్షం వారు 1984లో మాస్కోలో అలెక్సీ పజిత్నోవ్ రూపొందించిన టెట్రిస్‌ను చూపుతారు. అందులో కథ లేశమైనా లేదు. అయినా లోకమంతా ఆడింది. కాని కథను చేపట్టిన ఆటను తూచడానికి ఈ తూనిక చాలదు.

పుణేలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ సంస్థ 2020లో వెలువరించిన ‘రాజి’ అటువంటి ఆట. అసురులు అపహరించిన తమ్ముడు గోలూను వెదకుతూ సాగే బాలిక కథ ఇది. దుర్గా విష్ణువుల సంభాషణగా కథనం నడుస్తుంది. కుడ్యచిత్రాలలోని పురాణగాథలు రమణీయమైనవే. అయితే వాటిని వినేంతసేపు ఆడేవారు శ్రోతలు మాత్రమే. రాజి సర్కసు పిల్ల. ఆమె స్తంభాన్ని పట్టి గిర్రున తిరిగి శత్రువును కొట్టినప్పుడు, ఆమె పూర్వజీవితం మాటతో పని లేకుండానే తెలుస్తుంది. అక్కడ కథా క్రీడా ఒకటైనాయి.

తెలుగువారి వైకుంఠపాళికి ఈ రహస్యం కొత్త కాదు. పాములకు అసురుల పేర్లు, నిచ్చెనలకు సుగుణాల పేర్లు; వ్యాఖ్యానించే పౌరాణికుడు లేడు. ఎక్కడం, జారడం అనే నియమాలే ధర్మాన్ని బోధిస్తాయి. ప్రతి ఆటకూ కథ అక్కరలేదు. చేపట్టిన కథ మాత్రం నియమంలో ఇమడాలి. వెలుపల నిలిచిన కథ, ఎంత గొప్పదైనా, అలంకారమే.