జిడ్డుకి ఇంకో పేరు

మొహం మీద పడే వెలుతురు ఒకటే. అది చర్మంలోంచి వస్తే జిడ్డు, సీసాలోంచి వస్తే గ్లో. ఆఫీసు వాష్‌రూమ్ అద్దం ముందు ఒక చేత్తో టిష్యూ, రెండో చేత్తో హైలైటర్ పట్టుకున్న ఏ అమ్మాయినడిగినా చెబుతుంది. ఉన్న మెరుపుని పౌడర్ కింద పూడ్చేసి, పైన కొన్న మెరుపుని అద్దుకోవాలి.

దీన్ని ఉత్త హిపోక్రసీ అని కొట్టిపారేయడం తేలికే. కానీ డ్యూయీ లుక్‌కి ఒక వ్యాకరణం ఉంది. వెలుగు చెంప ఎముక మీద ఉండాలి, ముక్కు పక్కల ఉండకూడదు. సెబేషియస్ గ్రంథులకి ఈ వ్యాకరణం రాదు. నుదురు, ముక్కు, గడ్డం... అవి ఎక్కువగా ఉండేదే అక్కడ. అంటే ఇక్కడ అందం మెరుపుది కాదు, అదుపుది.

మన సంగతీ అంతే. వంకాయ నిగనిగలాడితే మెచ్చుకుంటాం, నూనె పెట్టిన జడ నిగనిగలాడితే మురిసిపోతాం. మొహం దగ్గరికొచ్చేసరికి అదే నూనె జిడ్డు. అలంకారశాస్త్రం స్వేదాన్ని ఎనిమిది సాత్త్విక భావాల్లో ఒకటిగా లెక్కేసింది. నాయిక నుదుటి చెమట శృంగారం. మిట్టమధ్యాహ్నం బస్టాపులో నిలబడ్డ మనిషి చెమటకి ఆ గౌరవం లేదు.

2020లో ఫెయిర్ అండ్ లవ్లీ కాస్తా గ్లో అండ్ లవ్లీ అయింది. తెలుపు అనడానికి మొహమాటం వచ్చాక ఆ కుర్చీలో గ్లో కూర్చుంది. గ్లో అంటే ఎవరికి అభ్యంతరం? నిద్రలా, ఆరోగ్యంలా వినిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. తెల్లగా లేకపోవడం పుట్టుక. గ్లో లేకపోవడం మాత్రం నీ తప్పు: నీళ్ళు తాగలేదు, సీరం రాయలేదు. కొరియా నుంచి వచ్చిన గ్లాస్ స్కిన్ ఇంకో అడుగు వేసి, రంధ్రాలే కనబడని చర్మం కావాలంది. చర్మానికి రంధ్రాలుండకూడదనడం కన్నా, అసలు చర్మమే ఉండకూడదంటే సరిపోయేది.

2017లో ‘ఫిదా’లో సాయిపల్లవి మేకప్ పెద్దగా లేకుండా కనిపిస్తే, మనం దాన్ని ధైర్యం అని పొగిడాం. ఊరటే, కాదనను. కానీ మొహం మొహంలా ఉండటానికి ధైర్యం కావాల్సొచ్చిందంటే, ఆ పొగడ్తలో మన గురించి కూడా ఒక మాట ఉంది.

డ్యూయీ లుక్ నాకూ ఇష్టమే. హైలైటర్ పారేయమనడం లేదు. మాట మార్చి అమ్మినదాన్ని గుర్తుపట్టమంటున్నానంతే. తెలుగులో జిడ్డు అంటే ఒక పట్టాన వదలనిది కూడా. క్రీజు వదలని బ్యాట్స్‌మన్‌ని విసుక్కుంటూనే జిడ్డుగాడంటాం. సాయంత్రానికి పూసుకున్నదంతా కరిగిపోయాక మొహం మీద ఇంకా ఆడుతూ ఉండేది అదే.